ఆండెక్స్ వంశము: ఒక ఇంటి ఎదుగుదల, అస్తమయము



మన విచారణల్లో ఎలిజబెత్ అని పేరు పెట్టుకున్న ఆడబిడ్డలు చాలామందే ఉన్నారు. ఏటా నవంబరు 17వ తేదీన హంగేరి పునీత ఎలిజబెతమ్మ స్మరణ చేసుకుంటాము. దానికి సుమారు నెల రోజుల ముందు, అక్టోబరు 16వ తేదీన, శ్రీసభ పంచాంగంలో మరొక రాణి పేరు కనిపిస్తుంది. ఆమె పునీత హెడ్విగమ్మ. ఈ రెండు పండుగలూ ఒకే ఇంటివని మనలో ఎంతమందికి తెలుసు? హెడ్విగమ్మ ఎలిజబెతమ్మకు స్వయానా పెద్దమ్మ, అంటే తల్లికి అక్క.

ఆ అక్కచెల్లెళ్లు పుట్టిన ఇల్లు ఒకప్పుడు జర్మన్ సామ్రాజ్యంలో పేరుమోసిన ప్రభు వంశాలలో ఒకటి. ఫ్రాన్సు రాజు, హంగేరి రాజు, పోలండు ప్రభువు ఆ ఇంటి అల్లుళ్లు అయ్యారు. అలాంటి వంశం పైకి వచ్చి నూరేళ్లు దాటిందో లేదో, మగ సంతానం లేక అంతరించిపోయింది. అది ఎలా ఎదిగింది, ఎందుకు కూలింది, చివరికి ఏమి మిగిలింది అన్నదే ఈ వారం మన పాఠము.

సరస్సు గట్టున మొదలైన ఇల్లు

జర్మనీ దేశంలోని మ్యూనిక్ నగరానికి నైరుతి దిక్కున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో అమ్మర్ అనే పెద్ద సరస్సు ఉన్నది. దాని పడమటి ఒడ్డున డీసెన్ అనే ఊరు, తూర్పు వైపున ఆండెక్స్ అనే కొండ ఉన్నాయి. ఈ కుటుంబం వారు మొదట డీసెన్ ప్రభువులు. 12వ శతాబ్దం మొదటి భాగంలో వారు డీసెన్‌లోని తమ స్థలాన్ని అగస్టీనియను సభ గురువుల మఠానికి ఇచ్చి, ఆండెక్స్ కొండ మీద కోటలో స్థిరపడ్డారు. అప్పటినుండి వారికి ఆండెక్స్ ప్రభువులనే పేరు నిలిచింది.

వంశానికి గట్టి పునాది వేసినవాడు 2వ బెర్తోల్డు. ఈయన 1151లో మరణించాడు. ఉత్తరాన ఫ్రాంకోనియా ప్రాంతంలో, కుల్మ్‌బాఖ్ దగ్గర ప్లాసెన్‌బుర్గ్ కోట ఆయన కాలంలోనే లేచింది. ఆయన కుమార్తె మెక్‌టిల్డ్ కన్యాస్త్రీల మఠంలో పెరిగి, మఠాధిపతురాలై, 1160లో మరణించి, ఆ ప్రాంత ప్రజల భక్తిని అందుకున్నది. ఆయన కుమారులలో ఒకడైన ఒట్టో బాంబెర్గ్ పీఠాధిపతి అయ్యాడు.

మరొక కుమారుడు 3వ బెర్తోల్డు ఆస్తిని దక్షిణాన ఆల్ప్స్ కొండల దాకా పెంచాడు. 1173లో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోస్సా ఆయనకు ఏడ్రియాటిక్ సముద్ర తీరంలోని ఇస్త్రియా సరిహద్దు ప్రాంతాన్ని పాలించే పదవి ఇచ్చాడు. ఈనాడు ఆస్ట్రియా దేశంలో ప్రసిద్ధి కెక్కిన ఇన్స్‌బ్రుక్ నగరం కూడా ఈ కుటుంబం పెంచినదే. ఇన్ నది మీది వంతెన దగ్గర ఉన్న నేలను 1180లో విల్టెన్ మఠం వారితో మారకం చేసుకొని అక్కడ సంత నడిపించారు. ఆ సంతే ఊరయింది, ఆ ఊరే నగరమయింది.

ఆయన కుమారుడు 4వ బెర్తోల్డు కాలానికి ఇంటి ప్రతిష్ఠ శిఖరానికి చేరింది. 1180ల మొదట్లో ఆయనకు ‘మెరానియా డ్యూకు’ అనే బిరుదు లభించింది. మెరానియా అంటే సముద్ర తీర దేశమని అర్థం. నిజానికి అక్కడ ఆయన చేతికి వచ్చిన భూమి చాలా తక్కువ. కానీ ఆ బిరుదు వలన ఆయన సామ్రాజ్యంలోని అగ్ర ప్రభువుల వరుసలో కూర్చున్నాడు. 1189లో బార్బరోస్సా చక్రవర్తి మూడవ సిలువ యుద్ధానికి బయలుదేరినప్పుడు ఆయన వెంట నడిచిన ప్రభువులలో ఈయన కూడా ఒకడు.

ఈ ఎదుగుదలకు కారణాలు మూడు. చక్రవర్తి పక్షాన విశ్వాసంగా నిలబడటం మొదటిది. వారసులు లేని చుట్టాల ఆస్తి కలిసిరావడం రెండవది. పిల్లలను పెద్ద సంబంధాలలోను, పెద్ద పీఠాలలోను కుదర్చడం మూడవది. ఇల్లు పైకి వచ్చింది ఈ మూడింటివల్లే. ఇల్లు కూలింది కూడా వీటివల్లే అని ముందు ముందు చూస్తాము.

నలుగురు కొడుకులు, నలుగురు కూతుళ్లు

4వ బెర్తోల్డు, ఆయన భార్య ఆగ్నెస్ దంపతుల సంతానాన్ని ఒకసారి వరుసగా చూద్దాము.

కొడుకులలో ఒట్టో తండ్రి తరువాత మెరానియా డ్యూకు. హెన్రీ ఇస్త్రియా పాలకుడు. ఎక్‌బెర్ట్ 1203లో బాంబెర్గ్ పీఠాధిపతి. చిన్నవాడైన బెర్తోల్డు హంగేరిలో కలొచ అగ్రపీఠాధిపతి, తరువాత 1218 నుండి అక్విలేయా పాట్రియార్కు.

కూతుళ్లలో హెడ్విగ్‌ను సుమారు 12 ఏళ్ల వయసులో సైలీషియా ప్రభువు హెన్రీకి ఇచ్చారు. ఆగ్నెస్‌ను ఫ్రాన్సు రాజు 2వ ఫిలిప్పుకు, గెర్‌ట్రూడ్‌ను హంగేరి రాజకుమారుడు ఆండ్రూకు ఇచ్చారు. ఆండ్రూ తరువాత రాజయ్యాడు. మెక్‌టిల్డ్ కిట్సింగెన్ మఠంలో చేరి మఠాధిపతురాలయింది.

ఇద్దరు డ్యూకు స్థాయి ప్రభువులు, ఇద్దరు పీఠాధిపతులు, ఇద్దరు రాణులు, ఒక ప్రభువు భార్య, ఒక మఠాధిపతురాలు. ఏ తండ్రికైనా ఇంతకంటే ఏమి కావాలి? చూసినవారందరూ ఆ ఇంటి అదృష్టాన్ని మెచ్చుకొని ఉంటారు. కానీ 1204లో బెర్తోల్డు కన్నుమూసిన తరువాత పదేళ్లు గడవక ముందే ఆ ఇంటి మీద రెండు పెద్ద పిడుగులు పడ్డాయి. అంతకు ముందే, తండ్రి బ్రతికి ఉండగానే, మొదటి దెబ్బ తగిలింది.

ఆగ్నెస్ పెళ్లి: దేశమంతా మూగబోయిన గంటలు

ఫ్రాన్సు రాజు 2వ ఫిలిప్పు 1193 ఆగస్టులో డెన్మార్కు రాజకుమారి ఇంగెబోర్గ్‌ను వివాహమాడాడు. పెళ్లయిన మరునాడే ఆమె తనకు వద్దన్నాడు. ఎందుకన్నాడో నేటికీ ఎవరికీ అంతుచిక్కలేదు. ఆమెకూ తనకూ మధ్య అడ్డువచ్చే చుట్టరికం ఉన్నదని సాకు చెప్పాడు. రాజుకు అనుకూలులైన ఫ్రాన్సు పీఠాధిపతులు కొందరు సమావేశమై ఆ వివాహం చెల్లదని తీర్పు ఇచ్చారు. ఆ దేశపు భాష కూడా సరిగా రాని ఇంగెబోర్గ్ రోము నగరానికి మొర పెట్టుకున్నది. 3వ సెలెస్టిన్ జగద్గురువులు ఆ తీర్పును కొట్టివేశారు. అయినా 1196లో ఫిలిప్పు మన ఆగ్నెస్‌ను తెచ్చుకొని పెళ్లి చేసుకున్నాడు.

ఆ తరువాత జగద్గురువులైన 3వ ఇన్నోసెంటు వెనుకకు తగ్గలేదు. 1200 జనవరిలో ఫ్రాన్సు రాజ్యం మీద నిషేధాజ్ఞ అమలులోకి వచ్చింది. గుడులు మూసివేశారు, గంటలు ఆగిపోయాయి. చనిపోయినవారిని పవిత్ర స్థలంలో పాతిపెట్టడానికి కూడా వీలు లేకపోయింది. రాజు చేసిన తప్పుకు పల్లెల్లోని పేదలు కూడా బాధపడ్డారు. సెప్టెంబరు నాటికి ఫిలిప్పు లొంగినట్లు నటించాడు, నిషేధాజ్ఞ ఎత్తివేశారు. 1201 జూలైలో ఆగ్నెస్ చనిపోయింది. ఆమె పిల్లలిద్దరినీ ఆ నవంబరులో జగద్గురువులు చట్టబద్ధమైన సంతానంగా గుర్తించారు. పిల్లల మీద కనికరం చూపారు గాని, ఆ పెళ్లిని మాత్రం ఒప్పుకోలేదు. ఇంగెబోర్గ్ 20 ఏళ్లు ఓర్చుకొని, 1213లో రాణిగా తన స్థానం తిరిగి పొందింది.

ఆగ్నెస్‌ను మనము నిందించనక్కరలేదు. పెద్దలు కుదిర్చిన సంబంధానికి ఆమె తల వంచింది. అయితే భార్య ఇంగెబోర్గ్ బ్రతికి ఉండగా, రోము తీర్పు ఎదురుగా ఉండగా, రాజు సంబంధమని మురిసి ఆ తండ్రి బిడ్డను ఇచ్చాడు. ఆ తప్పు ఆయనది.

ఇక్కడ మనకు తెలిసిన సంగతి ఒకటి ఉన్నది. పెళ్లికి ముందు మన గుడిలో వివాహ ప్రకటనలు చదువుతారు కదా! ‘ఈ వివాహానికి అడ్డు ఏమైనా తెలిసినవారు చెప్పండి’ అని గురువులు అడుగుతారు. ఈ ఆచారాన్ని శ్రీసభ అంతటికీ నియమంగా చేసింది 1215లో జరిగిన నాలుగవ లాతరాను మహాసభ. దానిని పిలిచినవారు ఈ 3వ ఇన్నోసెంటు జగద్గురువులే. అడ్డువచ్చే చుట్టరికాన్ని 7 తరాల నుండి 4 తరాలకు తగ్గించింది కూడా ఆ మహాసభే. దూరపు చుట్టరికాన్ని సాకుగా చూపి పెళ్లాన్ని వదిలే గొప్పవారి ఆటను అది చాలావరకు కట్టడి చేసింది. గుడిలో ప్రకటన చదివేటప్పుడు మనము అది ఏదో తంతు అనుకుంటాము. దాని వెనుక ఇంగెబోర్గ్ లాంటి ఆడబిడ్డల కన్నీళ్లు ఉన్నాయి.

బాంబెర్గ్ పెళ్లిలో హత్య

1208 జూన్ 21వ తేదీ. ఆండెక్స్ ఇంటికి అది పండుగ రోజు. పెద్ద కొడుకు ఒట్టోకు బర్గండీ ప్రభుత్వానికి వారసురాలైన బియాట్రిస్‌తో వివాహం. వేదిక తమ్ముడు ఎక్‌బెర్ట్ పీఠాధిపతిగా ఉన్న బాంబెర్గ్ నగరం. పెళ్లికూతురు చక్రవర్తి బార్బరోస్సాకు మనుమరాలు. ఆమె పినతండ్రి, జర్మన్ రాజు ఫిలిప్పు స్వయంగా వచ్చాడు.

ఆ మధ్యాహ్నం పీఠాధిపతి భవనంలో విశ్రాంతి తీసుకుంటున్న రాజును విట్టెల్స్‌బాఖ్ వంశపు ఒట్టో కత్తితో పొడిచి చంపాడు. రాజు తన కూతురిని అతనికి ఇస్తానని మాట ఇచ్చి తప్పాడన్నదే ఆ పగకు కారణమని చెబుతారు. పెళ్లి ఇల్లు చావు ఇల్లయింది. అతిథిగా వచ్చిన రాజు తమ ఇంట్లోనే హతుడయ్యాడు గనుక అనుమానం ఎక్‌బెర్ట్ మీద, హెన్రీ మీద పడింది. వారిద్దరినీ సామ్రాజ్యం నుండి బహిష్కరించారు. వారి పదవులు, భూములు ఇతరుల చేతికి పోయాయి. ఇస్త్రియా అక్విలేయా పాట్రియార్కుకు దక్కింది. ఎక్‌బెర్ట్ హంగేరిలో ఉన్న చెల్లెలు గెర్‌ట్రూడ్ దగ్గరకు పారిపోయాడు. కొన్నేళ్లకు నిర్దోషి అని తేలి తన పీఠానికి తిరిగి వచ్చాడు గాని, బవేరియాలో ఇంటి బలం మునుపటిలాగా మళ్లీ నిలవలేదు. రాజును చంపినవాడు 1209లో పట్టుబడి చంపబడ్డాడు.

ఆ హంతకునికే హెడ్విగమ్మ కుమార్తె గెర్‌ట్రూడ్‌ను ఇవ్వాలని అంతకు ముందు నిశ్చయమై ఉండింది. ఆ పిల్ల తరువాత ట్షెబ్నిట్సా మఠంలో కన్యాస్త్రీ అయి, 1232లో అక్కడే మఠాధిపతురాలయింది.

హంగేరి అడవిలో రాణి మరణం

హంగేరి రాణి గెర్‌ట్రూడ్ తన పుట్టింటివారిని ఎక్కువగా ఆదరించింది. తమ్ముడు బెర్తోల్డును చిన్న వయసులోనే అగ్రపీఠాధిపతిని చేయించింది. అతని వయసు, చదువు ఆ పదవికి చాలవని 3వ ఇన్నోసెంటు జగద్గురువులు మొదట అభ్యంతరం చెప్పారు. తరువాత రాజు అతనికి రాజ్యపదవులు కూడా కట్టబెట్టాడు. పరాయి దేశపువారు తమ నెత్తిన ఎక్కుతున్నారని హంగేరి ప్రభువులు మండిపడ్డారు. 1213 సెప్టెంబరు 28న, రాజు దండయాత్రలో ఉండగా, పిలిష్ అడవిలో రాణిని చంపివేశారు. పక్కనే ఉన్న బెర్తోల్డు ప్రాణాలతో తప్పించుకున్నాడు.

అప్పటికి ఆమె కుమార్తె ఎలిజబెతమ్మకు 6 ఏళ్లు. నాలుగేళ్ల ప్రాయంలోనే ఆ పాపను తురింగియా ప్రభువు ఇంటికి కాబోయే కోడలిగా పంపారు. తల్లి చావు కబురు ఆ పసిబిడ్డ పరాయి కోటలో విన్నది.

దీపం ఆరిన విధము

డ్యూకు ఒట్టో 1234లో మరణించాడు. హెన్రీ అంతకు ముందే 1228లో పిల్లలు లేకుండా పోయాడు. మిగిలిన ఇద్దరు అన్నదమ్ములు పీఠాధిపతులు. అంటే వంశం నిలవడానికి ఉన్నది ఒట్టోకు పుట్టిన ఒకే ఒక మగపిల్లవాడు. అతని పేరు కూడా ఒట్టోయే. అతడు 1239లో ఇన్స్‌బ్రుక్‌కు నగర హక్కులు ఇచ్చాడు. కానీ బర్గండీ నుండి ఆల్ప్స్ కొండల దాకా చెల్లాచెదురుగా ఉన్న భూములను కాపాడే బలం అతనికి లేదు. చక్రవర్తికి, జగద్గురువులకు మధ్య ఘర్షణ ముదిరిన ఆ రోజుల్లో బవేరియా డ్యూకు పాత ఆండెక్స్ భూములను ఆక్రమించుకున్నాడు. 1248 జూన్ 19న ఈ ఒట్టో సంతానం లేకుండా నీస్టెన్ కోటలో మరణించాడు. 1251లో వృద్ధుడైన పాట్రియార్కు బెర్తోల్డు కూడా కన్నుమూశాడు. ఆ ఇంటి పేరు పెట్టుకొన్న చివరి పురుషుడు ఆయనే.

ఆస్తి ముక్కలయింది. ఒట్టో అక్కచెల్లెళ్ల వలన బర్గండీ ఒకరికి, కుల్మ్‌బాఖ్ మరొకరికి వెళ్లాయి. బైరాయిట్ ప్రాంతం నూరెంబర్గ్‌లోని హోహెన్‌జోలర్న్ వారికి చేరింది. ఆ వంశమే తరువాత జర్మన్ చక్రవర్తులై 1918 వరకు ఏలింది. ఇన్స్‌బ్రుక్ వైపు భూములు టిరోల్ ప్రభువుల పాలయ్యాయి. సామెత చెప్పినట్లు, ‘ఒకరు కట్టిన ఇంట్లో ఇంకొకరు కాపురం’ అయింది.

మిగిలినవారు

మరి ఆ ఇంటిని ఈనాడు లోకం ఎందుకు తలచుకుంటున్నది? డ్యూకుల వలన కాదు, ఇద్దరు ఆడబిడ్డల వలన.

హెడ్విగమ్మ భర్త హెన్రీతో కలిసి 13వ శతాబ్దం తొలి ఏళ్లలో ట్షెబ్నిట్సాలో సిస్టర్సియను కన్యాస్త్రీల మఠం స్థాపించింది. రోగులకు, ఖైదీలకు, పేద కాన్పులకు తన సొమ్ము ఖర్చు పెట్టింది. 1229లో భర్త శత్రువు చేత చిక్కితే, సైన్యాన్ని పంపనివ్వక తానే స్వయంగా వెళ్లి విడిపించుకున్నదని ఆమె చరిత్ర చెబుతుంది. చలికాలంలో కూడా ఉత్త కాళ్లతో నడిచేదట. పాపోద్ధారక గురువులు చెప్పులు ఇచ్చి ‘ఇవి లేకుండా తిరగవద్దు’ అంటే, మాట జవదాటక వాటిని చంకలో పెట్టుకొని తిరిగిందని జనం చెప్పుకుంటారు. ఏడుగురు బిడ్డలలో ఆరుగురిని తన కళ్ల ఎదుటే పోగొట్టుకున్నది. కొడుకు హెన్రీ 1241 ఏప్రిల్ 9న లెగ్నీట్సా దగ్గర మంగోలు దండును ఎదిరించి మరణించాడు. ఆమె 1243 అక్టోబరులో కన్నుమూసింది. 1267లో 4వ క్లెమెంటు జగద్గురువులు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు. 1978లో పోలండు బిడ్డ 2వ జాన్ పాల్ జగద్గురువులుగా ఎన్నికైనది ఆమె పండుగ రోజునే.

ఎలిజబెతమ్మ 20 ఏళ్లకే విధవరాలయింది. భర్త లూద్విగ్ సిలువ యుద్ధానికి వెళుతూ 1227 సెప్టెంబరులో ఇటలీలో జ్వరంతో చనిపోయాడు. కోట విడిచి వచ్చిన ఆమెను తల్లి తోబుట్టువు, కిట్సింగెన్ మఠాధిపతురాలు మెక్‌టిల్డ్ చేరదీసింది. తరువాత మేనమామ ఎక్‌బెర్ట్ పీఠాధిపతి ఆశ్రయమిచ్చాడు. ఆశ్రయంతో పాటు తన ఇంటి పాత అలవాటు ప్రకారం ఆమెకు మరొక పెద్ద సంబంధం చూడాలని తలపోశాడు. ఎలిజబెతమ్మ ఒప్పుకోలేదు. తనకు దక్కిన సొమ్ముతో 1228లో మార్బుర్గ్‌లో పునీత ఫ్రాన్సిస్ పేర ఆస్పత్రి కట్టించి, తన చేతులతో రోగుల పుండ్లు కడిగింది. 1231 నవంబరు 17న 24 ఏళ్లకే మరణించింది. నాలుగేళ్లు తిరగకముందే, 1235లో 9వ గ్రెగోరి జగద్గురువులు ఆమెకు పునీత పట్టం ఇచ్చారు. ఫ్రాన్సిస్కను మూడవ సభ వారికి ఆమె పాలక పునీతురాలు.

ఆ మేనమామ, ఆ మేనకోడలు ఎదురెదురుగా నిలిచిన ఆ ఘడియలోనే ఈ వంశ చరిత్ర అంతా ఉన్నది. ఆయన ఇంటిని నిలబెట్టాలని చూశాడు. ఆమె పేదల పక్కన నిలబడాలని చూసింది. ఆయన నిలబెట్టాలనుకున్నది మరి 20 ఏళ్లకు కూలిపోయింది.

మనకు పాఠము

ఇందులో తొందరపడి తీర్పు చెప్పకూడని సంగతులు కూడా ఉన్నాయి. కొడుకులు గురువులు కావడం వలన వంశం పోయిందని ఎవరైనా అనవచ్చు. దైవ పిలుపునకు బిడ్డను ఇచ్చిన ఇల్లు నష్టపోదు. కానీ ఇక్కడ కొందరు బిడ్డలను పీఠాల మీద కూర్చోబెట్టినది దైవ పిలుపు అని చెప్పలేము, ఇంటి బలం కోసం కూర్చోబెట్టారు. ఆనాటి రాజులు, ప్రభువులు పీఠాలను తమ సొంత ఆస్తిలాగా చూశారు. ఆ గాయం శ్రీసభ చాలాకాలం మోసింది. పీఠాధిపతులను నియమించే హక్కు ఇకపై ఏ ప్రభుత్వానికీ ఇవ్వరాదని 1965లో రెండవ వాటికను మహాసభ స్పష్టంగా చెప్పింది.

అలాగే పుణ్యాత్ములు పుట్టారు గనుక ఆ ఇల్లు మొత్తం పవిత్రమనీ అనలేము, కూలిపోయింది గనుక శాపగ్రస్తమనీ అనలేము. ఒకే కడుపున పుట్టినవారిలో ఒకరు రాజు మోజుకు బలి అయ్యారు, ఒకరు అధికారం పంచి పగ కొనితెచ్చుకున్నారు, ఒకరు ఉన్నదంతా పేదలకు పంచారు. అందరికీ ఇల్లు ఒకటే గాని, దారి ఎవరికి వారే ఎంచుకున్నారు.

ఆండెక్స్ కొండ మీద ఈనాడు కోట లేదు. పాత ప్రార్థనాలయంలో దాచిన పుణ్యశేషాలు 1388లో బయటపడ్డాయి. ఒక ఎలుక చిన్న చర్మపత్రం ముక్కను ఈడ్చుకు రావడం వల్ల వాటి జాడ తెలిసిందని అక్కడివారు కథగా చెప్పుకుంటారు. 1455లో అక్కడ బెనెడిక్టు సభ మఠం ఏర్పడింది. నేటికీ యాత్రికులు ఆ కొండ ఎక్కుతారు. ఆ ఊరివారు దానిని ‘పవిత్ర కొండ’ అంటారు. కోట ఉన్నచోట గుడి మిగిలింది.

ఈ వారం మీ కుటుంబ ప్రార్థనలో 127వ కీర్తన చదువుకోండి. ఆ తరువాత పెద్దలూ పిల్లలూ కలిసి ఈ మూడు ప్రశ్నల మీద మాట్లాడుకోండి.

1. మన ఇంట్లో పెళ్లి సంబంధం చూసేటప్పుడు మొదట అడిగేది ఏమిటి? ఆస్తా, ఉద్యోగమా, లేక ఆ బిడ్డ మనసా?

2. మన పిల్లలలో ఒకరు, ఎలిజబెతమ్మ లాగా, మనము కోరని మంచి దారి ఎంచుకుంటే మనము మేనమామ ఎక్‌బెర్ట్ లాగా అడ్డుపడతామా, లేక మెక్‌టిల్డమ్మ లాగా చేరదీస్తామా?

3. నూరేళ్ల తరువాత మన ఇంటిని ఎవరైనా తలచుకుంటే, దేనివలన తలచుకోవాలని మన కోరిక?

మొదటి ప్రశ్నకు ఈ ఆదివారం బలిపూజ ముగిసి ఇంటికి నడిచే దారిలోనే జవాబు వెదకవచ్చు. మూడవ ప్రశ్నకు జవాబు మన బ్రతుకే చెప్పాలి.